కోత చిన్నదే, మత్తు చిన్నది కాదు: వెన్నుపూస సిమెంట్ చికిత్సపై ఒక పరిశీలన

ఎముకలు గుల్లబారి వెన్నుపూస కుంగినప్పుడు, చర్మం మీదుగా సూది దింపి లోపల ఎముక సిమెంట్ నింపడాన్ని వెర్టిబ్రోప్లాస్టీ అంటారు. ముందు బెలూన్‌తో చోటు చేసి నింపితే అది కైఫోప్లాస్టీ. కోత చిన్నదే అయినా, ఈ రోగుల్లో ఎక్కువమంది వృద్ధులు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారూ వీరిలో ఉంటారు. వీరికి ఏ మత్తు క్షేమం?

ఈ ప్రశ్నకు ఉన్న ఆధారాలు బలహీనమైనవి. ఆ భాగానికే ఇచ్చే లోకల్ మత్తు, స్పృహ లేకుండా చేసే పూర్తి మత్తు అనే రెండు పద్ధతులను పోల్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాత రికార్డులు తిరగేసి చేసినవే. బాగా నీరసించినవారికి లోకల్ మత్తు, నొప్పి ఎక్కువగా ఉండే బెలూన్ చికిత్సకు పూర్తి మత్తు ఎంచుకోవడం పరిపాటి. అందువల్ల ఫలితాల్లో తేడా కనిపించినా, దానికి మత్తే కారణమని చెప్పలేం.

ప్రమాదాలు ఎలా వస్తాయో మాత్రం స్పష్టంగానే తెలుసు. రోగిని బోర్లా పడుకోబెట్టాలి. పూర్తి మత్తులో ఆ భంగిమ వల్ల గుండె పంపే రక్తం తగ్గవచ్చు, శ్వాసగొట్టం జారవచ్చు, కళ్లపై ఒత్తిడి పడవచ్చు. లోకల్ మత్తులో రోగి మెలకువగా ఉండి కాలి తిమ్మిరి, కొత్త నొప్పి వెంటనే చెప్పగలరు. కానీ దానితోపాటు ఇచ్చే నిద్రమందు ఎక్కువైతే శ్వాస మందగిస్తుంది. అప్పుడు బోర్లా ఉన్నవారికి శ్వాసగొట్టం వేయడం కష్టం.

లోకల్ మత్తు మందు మోతాదూ ముఖ్యమే. ఎడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్‌కు సాధారణ పరిమితి కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు. 45 కిలోల వృద్ధురాలికి 2 శాతం మందు సుమారు 10 మిల్లీలీటర్లతోనే ఆ హద్దు వస్తుంది. రెండు మూడు పూసలకు ఇరువైపులా మందు ఇస్తే దాన్ని దాటడం తేలిక.

సిమెంట్ నింపే ఘడియ మరింత కీలకం. సిమెంట్ సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు చేరవచ్చు. వెర్టిబ్రోప్లాస్టీపై జరిగిన వెర్టోస్-2 పరిశోధనలో సీటీ తీసిన 54 మందిలో 14 మందికి అలాంటి సిమెంట్ తునకలు కనిపించాయి; ఎవరికీ లక్షణాలు లేవు. అయినా అరుదుగా రక్తపోటు హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. సిమెంట్ లీకేజీ ప్రమాదాల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2002లోనే హెచ్చరించింది.

ఇప్పటి ఆధారాలతో ఫలానా మత్తే ఉత్తమమని తీర్పు చెప్పడం తొందరపాటు. రోగిని బట్టి మత్తు ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నా ప్రత్యేకంగా మత్తు వైద్యులు ఒకరు దగ్గరుండాలి. ఆక్సిజన్, రక్తపోటు, ఈసీజీ, వదిలే శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్ గమనించాలి. అత్యవసరమైతే వెల్లకిలా తిప్పేందుకు స్ట్రెచర్ పక్కనే ఉండాలి. సిమెంట్ ఎక్కించే ముందు సర్జన్ ఆ మాట మత్తు వైద్యులకు చెప్పాలి. ఈ ఏర్పాట్లు లేనిచోట ఈ చికిత్స మొదలుపెట్టకూడదు.