హైదరాబాద్‌లో రగ్బీ మ్యాచ్ పెడితే మనవాళ్ళు వస్తారా? | కలకత్తా నుంచి అనంతపురం దాకా

ఈ వారం ప్రశ్న కాస్త వింతగా ఉంటుంది. రేపు హైదరాబాద్‌లో అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ పెడితే చూడ్డానికి మనవాళ్ళు వస్తారా? కర్నూలు నుంచి, కడప నుంచి బస్సెక్కి పోయేవాళ్ళు ఉంటారా?

ఎవరిని అడిగినా జవాబు ఒకటే వస్తుంది: "మనకు క్రికెట్ తప్ప ఇంకేదీ ఎక్కదప్పా." ఈ మాట నిజమో కాదో చరిత్రలో చూద్దాం. ఎందుకంటే ఇది ఊరికే అనే మాట కాదు. ఈ మాటను అడ్డం పెట్టుకునే మిగతా ఆటలకు గ్రౌండ్ ఎందుకు, కోచ్ ఎందుకు అంటారు. నష్టపోయేది పిల్లలు.

ముందు ఆట సంగతి. రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తొచ్చు. కానీ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. బంతి ఉన్నవాణ్ణి అవతలి జట్టు పట్టి పడేస్తుంది. కబడ్డీ చూసిన కంటికి ఇది అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. జట్టుకు 15 మంది ఆడేది ఒక రకం, ఏడుగురు ఆడేది ఇంకో రకం. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది ఈ ఏడుగురి ఆట.

2025 జూన్‌లో మన దేశంలో మొదటిసారి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. ఆరు జట్లు. అందులో ఒకటి హైదరాబాద్ హీరోస్. పేరు హైదరాబాద్‌ది, కానీ మ్యాచ్‌లన్నీ జరిగింది ముంబై అంధేరీలో. అంటే హైదరాబాద్ జనం వస్తారా రారా అనే పరీక్ష అక్కడ జరగనే లేదు.

మరి మన దేశంలో రగ్బీకి ఆ పరీక్ష ఎప్పుడైనా జరిగిందా? జరిగింది, 150 ఏళ్ళ కింద. 1872 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజు, కలకత్తాలో జట్టుకు 20 మంది చొప్పున ఒక రగ్బీ మ్యాచ్ ఆడారు. ఒకవైపు ఇంగ్లండ్ వాళ్ళు, ఇంకోవైపు స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్ళు. మరుసటి నెలలోనే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టారు. పేరు ఫుట్‌బాల్, ఆడింది రగ్బీ. కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత క్లబ్బులో ఉచితంగా పోసే మందు ఆపేశారు, సభ్యులు జారుకున్నారు. ఆ ఎండలకు రగ్బీ కంటే పోలో, టెన్నిస్ నయమనిపించింది. 1878 నాటికి క్లబ్ మూతపడింది. బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు తీసి, కరిగించి, ఒక కప్పు చేయించి ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఇచ్చేశారు. దాని పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే.

ఇక్కడ గమనించండి. కప్పు మిగిలింది, ఆట మిగల్లేదు. ఎందుకంటే ఆ క్లబ్బులో ఆడింది తెల్ల దొరలు, చూసింది వాళ్ళ వాళ్ళు. బెంగాలీ కుర్రాడికి అందులో చోటు లేదు.

ఇప్పుడు అదే ఊళ్ళో 1911కు రండి. జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫుట్‌బాల్ ఫైనల్. మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప అందరూ ఉత్తి కాళ్ళతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. జనం వేలల్లో వచ్చారు. గ్రౌండ్ కనపడనంత దూరంలో నిలబడ్డవాళ్ళకు స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరేశారు. ఫుట్‌బాల్ కూడా సీమ నుంచి వచ్చిన ఆటే కదా! తేడా ఒక్కటే. అక్కడ ఆడుతున్నది మన పిల్లలు.

ఇది బెంగాల్ కథ, మనకేంటి అంటారా? హైదరాబాద్‌కు రండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అని ఒక స్కూల్ టీచర్. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్లలో హైదరాబాద్ కుర్రాళ్ళు ఎంతోమంది. "క్రికెట్ తప్ప ఏదీ ఎక్కదు" అనే మాట ఆ రోజుల్లో హైదరాబాద్‌లో అని ఉంటే నవ్వేవాళ్ళు.

మరి తర్వాత? గచ్చిబౌలిలో పెద్ద స్టేడియం వచ్చింది. 2003లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ హైదరాబాద్‌లో జరిగాయి. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచింది, అదీ గోవాలో. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి మారిపోయింది. స్టేడియం ఉంది, కప్పు ఉంది, జట్టు మాత్రం ఊరు వదిలి పోయింది. జట్టుకు ఊరి పేరు పెట్టినంత మాత్రాన అది ఊరి జట్టు అయిపోదు.

ఇక మన సీమ సంగతి. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్‌లో జరిగాయి. నాలుగు రోజుల ఆట, అయినా జనం బాగా వచ్చారు. స్టార్లను చూడ్డానికి వచ్చారంతే అని మీరనొచ్చు. నిజమే, కాదనను. కానీ ఆ గ్రౌండ్ ఆ మ్యాచ్ కోసం రాత్రికి రాత్రి మొలవలేదు. ఆర్డీటీ 1969 నుంచి ఆ జిల్లాలో పనిచేస్తోంది. పల్లె పిల్లలకు హాకీ, సాఫ్ట్‌బాల్, ఫుట్‌బాల్, జూడో నేర్పింది. 2010లో రఫెల్ నాదల్ వచ్చి టెన్నిస్ స్కూల్ ప్రారంభించాడు. ముందు పిల్లలు ఆడారు, పెద్ద మ్యాచ్ ఆ తర్వాత వచ్చింది.

మా కర్నూలు జిల్లా దేవరగట్టు చూడండి. దసరా రాత్రి అంత జనం ఎందుకు కదులుతారు? టికెట్ లేదు, సీటు లేదు. మాళమల్లేశ్వరుడి విగ్రహం మన ఊరికే దక్కాలన్న పట్టు. శివరాత్రికి, ఉగాదికి జరిగే బండలాగుడు పోటీలూ అంతే. ఎండలో గంటలు గంటలు నిలబడేది మనకు తెలిసినవాళ్ళ ఎద్దులు దిగుతాయని. మనవాళ్ళు రారు అనేది అబద్ధం. మనది కానిదానికి రారు, అంతే.

కడప అమ్మాయి శ్రీచరణి 2025 నవంబర్‌లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది, టోర్నీలో 14 వికెట్లు తీసింది. దాని తర్వాత కడపలో ఎవరైనా "ఆడపిల్లల క్రికెట్ ఎవరు చూస్తారు" అనగలరా?

రగ్బీలో ఇలా జరిగిన చోటు ఉందా? బీహార్. అక్కడ కొన్నేళ్ళుగా అమ్మాయిలు రగ్బీ ఆడుతున్నారు. బాఢ్ నుంచి వచ్చిన స్వీటీ కుమారి భారత జట్టులో పేరు తెచ్చుకుంది. ఆ తర్వాతే, 2025 ఆగస్టులో, రాజ్‌గిర్ లాంటి చిన్న ఊళ్ళో ఆసియా అండర్-20 సెవెన్స్ పోటీలు పెట్టారు. మన అమ్మాయిలకు కాంస్యం వచ్చింది. ఇక్కడా వరస అదే.

కాబట్టి నా జవాబు ఇది. హైదరాబాద్‌లో మొదటి మ్యాచ్‌కు వింత చూడ్డానికి జనం వస్తారు. రెండో మ్యాచ్‌కు రావాలంటే మాత్రం, అంతకుముందే మన పిల్లల చేతికి ఆ బంతి రావాలి.

దానికి మన దగ్గర ఒక చిక్కు ఉంది. ఎండాకాలంలో మన గ్రౌండ్లు ఇటుకలా గట్టిపడతాయి, పైన గులకరాళ్ళు. గడ్డి పెంచాలంటే నీళ్ళు కావాలి. ఆ నేల మీద పిల్లల్ని పడేసి ఆడిస్తే మోకాళ్ళు మిగలవు. అయితే ట్యాగ్ రగ్బీ అని ఒక రకం ఉంది. నడుముకు రెండు రిబ్బన్లు కట్టుకుంటారు. మనిషిని పడేయడం ఉండదు, రిబ్బన్ లాగితే చాలు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఆడొచ్చు. దీనికి కావాల్సింది ఒక బంతి, కొన్ని రిబ్బన్లు, నేర్పే ఓపిక ఉన్న ఒక పీఈటీ సార్.

అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటి తేవడానికి పెట్టే ఖర్చులో చిన్న ముక్క చాలు, ఎన్నో స్కూళ్ళలో దీన్ని మొదలుపెట్టొచ్చు. అప్పుడు పదేళ్ళ తర్వాత "మనవాళ్ళు వస్తారా" అని అడగాల్సిన పని ఉండదు. మన పిల్ల ఆడుతోందంటే ఊరు ఊరే బస్సు మాట్లాడుకుని పోతుంది.

మీ స్కూల్లో క్రికెట్ కాకుండా ఏ ఆట నేర్పారో, ఎవరు నేర్పారో నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.