పటేల్ షాట్, సంఘం షాట్
(కెమెరా వెనక మనం – 6)



మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫిల్మ్ కోర్సు అయిపోయింది. ఫ్రీలాన్స్ వీడియోగ్రాఫర్‌గా బతకొచ్చా?" బతకొచ్చు తమ్ముడూ. అయితే మన ముందువాళ్ళు ఎలా బతికారో తెలుసుకుని దిగు.

పూణేలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరుతో 1995లో ఇంకొకటి వచ్చింది. అక్కడ సీటుకి రిజర్వేషన్ ఉంది. బయటికొచ్చాక పనికి లేదు. ఫ్రీలాన్సర్‌కి పని ఫోన్‌లో వస్తుంది. ఆ ఫోన్ బాబాయికి తెలిసినవాళ్ళో, మేనమామ స్నేహితుడో చేస్తారు. కూలికి పోయే మన మేనమామకి ఏ నిర్మాత తెలుసు?

కోర్సయ్యాక నేను పెళ్ళి వీడియోల్లో పడ్డాను. ఆర్డరు స్టూడియో ఓనరుది, రోజుకూలీ నాది. ఒక ఇంట్లో పందిట్లో తీసినంతసేపూ బాగానే ఉంది. గౌరీపూజ తీయడానికి లోపలికి వెళ్ళబోతుంటే పెద్దాయన ఆపాడు. "ఏ ఊరు బాబూ మీది?" చెప్పాను. "ఊళ్ళో ఎక్కడ?" ఆ రెండో ప్రశ్న దేనికో మీకు చెప్పక్కర్లేదు. కెమెరా ఇంకొకడి చేతికి పోయింది.

మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా ఆ కూలీ కూడా ఉండదు. అప్పుడు నన్ను నిలబెట్టింది మన పేటే. చర్చి పెళ్ళిళ్ళు, సువార్త సభలు, క్రైస్తవ పాటల ఆల్బమ్‌లు, డిసెంబరంతా క్రిస్మస్, ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి. సినిమావాళ్ళ లెక్కలో ఇది మార్కెట్టే కాదు. నా ఇంటి అద్దె కట్టింది ఇదే.

ఇక అసలు చరిత్రకి వద్దాం. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు వీడియో కెమెరా పట్టారు. పొలం పనులు చేసుకునేవాళ్ళు, చాలామందికి చదువు రాదు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎలా నష్టపోయారో పొలాలకి పోయి తీశారు. షాట్లకి వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందనుంచి పైకి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమానంగా ఉంటే సంఘం షాట్. ఏ ఫిల్మ్ స్కూలూ నాకు ఈ పాఠం చెప్పలేదు. కెమెరా ఎత్తు అంటే కులం ఎత్తేనని ఆ అమ్మలు చెప్పారు.

పని దొరకడంలోనూ అదే సూత్రం. తమిళనాట పా. రంజిత్ నిలదొక్కుకున్నాక నీలం ప్రొడక్షన్స్ పెట్టాడు. మారి సెల్వరాజ్ మొదటి సినిమా 'పరియేరుమ్ పెరుమాళ్' 2018లో అక్కడినుంచే వచ్చింది. అంటే ఆ ఫోన్ చేసేవాడు మనలోంచే పుట్టాడు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అప్పు చేసి ఒక్కొక్కరూ ఒక్కో కెమెరా కొనకండి. నలుగురు కలిసి ఒకటి కొనండి. అడ్వాన్స్ లేకుండా డేట్ ఇవ్వకండి. మిగతా డబ్బు చేతికొచ్చేదాకా హార్డ్ డిస్క్ ఇవ్వకండి. పెద్ద ఆర్డరు దొరికినరోజు రెండో కెమెరాకి మన పేట పిల్లనో పిల్లాణ్ణో పిలవండి. మనకి రాని ఫోన్ మనమే చేద్దాం.

వచ్చే భాగంలో రేట్లు, అగ్రిమెంట్ల సంగతి.

జై భీమ్!