ప్రజాభవనాలలో సూచికలు: సౌకర్యం నుంచి హక్కు వరకు

ప్రజాభవనంలోని గది సంఖ్య, దారి, హెచ్చరిక మొదలైన సూచికలన్నీ చూపుపైనే ఆధారపడినప్పుడు, అంధులకు ఆ భవనం తెరిచి ఉన్నా మూసి ఉన్నట్లే అవుతుంది. ఈ లోపాన్ని భారతీయ చట్టాలు గుర్తించిన తీరును, ఆ గుర్తింపు బలహీనపడిన సందర్భాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

స్పర్శతో చదవగల సూచికకు కావలసిన లిపి చట్టాలకంటే ముందే సిద్ధమైంది. 1951లో రూపొందిన భారతి బ్రెయిలీ, భారతీయ భాషలలోని సమాన ధ్వనులకు ఒకే చుక్కల అమరికను నిర్దేశించింది. తెలుగు కూడా ఈ విధానంలో భాగమే.

వికలాంగుల హక్కులపై తొలి సమగ్ర కేంద్ర చట్టం 1995లో వచ్చింది. దాని 46వ సెక్షన్ ప్రజాభవనాలలో ర్యాంపులను, లిఫ్టులలో బ్రెయిలీ గుర్తులను, ధ్వని సంకేతాలను ప్రస్తావించింది. లిఫ్టు దిగిన తరువాత గదిని గుర్తించే మార్గం గురించి మాత్రం మౌనం వహించింది. పైగా ఈ బాధ్యతలన్నిటినీ ప్రభుత్వాల ఆర్థిక సామర్థ్యానికి లోబరచింది.

భారతదేశం 2007లో ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఈ పరిధిని విస్తరించింది. ప్రజలకు ప్రవేశమున్న భవనాలలో బ్రెయిలీలోనూ, సులభంగా చదివి అర్థం చేసుకోగల రూపంలోనూ సూచికలు ఉండాలని దాని 9వ అధికరణం పేర్కొంది. తదనుగుణంగా వచ్చిన 2016 చట్టం, ప్రమాణాలు పాటించని భవనాలకు నిర్మాణ అనుమతిని, పూర్తి ధ్రువపత్రాన్ని నిరాకరించాలని 44వ సెక్షన్‌లో ఆదేశించింది.

అయితే 2017 నియమావళిలోని 15వ నియమం ఆ ప్రమాణాలను 2016 మార్చి నాటి మార్గదర్శకాలకు ముడిపెట్టింది. అవి ప్రధానంగా సిఫారసుల రూపంలో ఉన్నాయి. చట్టం ఆజ్ఞాపించిన దానిని నియమం సలహాగా మార్చిందన్నమాట. అంధుడైన రాజీవ్ రాతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఈ వైరుధ్యాన్ని గుర్తించింది. 15(1) నియమం మూల చట్టానికి విరుద్ధమని ప్రకటించి, తప్పనిసరి నియమాలను వేరుచేసి మూడు నెలలలో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం సమర్పించిన నివేదిక తోడ్పడింది.

1995లో ఆర్థిక పరిమితి, 2017లో సిఫారసు భాష: పదాలు వేరైనా ఫలితం ఒకటే. రెండు సందర్భాలలోనూ హక్కు అధికారుల విచక్షణకు లోబడింది. కనుక సూచికల చరిత్రను గోడపై ఉన్న ఫలకంతో పాటు, దానిని నిర్దేశించిన వాక్యంలోని క్రియాపదంలోనూ వెదకవలసి ఉంటుంది.