పెకింగు - బీజింగు : నామవిచారము

చైనా రాజధానిని ఆంగ్లేయులు చిరకాలము 'పెకింగు' అని వ్యవహరించిరి. నేడు 'బీజింగు' అనుచున్నారు. మొదటిది విదేశీయుల నోట చెడిన రూపమనియు, రెండవది దానిని దిద్దిన శుద్ధరూపమనియు పలువురు తలంతురు. ఈ యభిప్రాయము పునర్విచారణ కర్హమని మా తలంపు.

ఈ నామమున రెండు పదములు కలవు. మొదటిదానికి ఉత్తరమనియు, రెండవదానికి రాజధాని యనియు అర్థము. మింగు వంశపు యొంగ్లె చక్రవర్తి 1403లో ఈ పేరిడి, 1421లో రాజధాని నిచటికి మార్చెను. 1928లో, నాన్‌జింగు రాజధానిగా నున్న జాతీయప్రభుత్వము దీనిని 'ఉత్తరశాంతి' యను నర్థము గల 'బేపింగు'గా మార్చెను. 1949లో పూర్వనామము మరల వచ్చినది. అది పేరు మారుట. పెకింగు బీజింగు అగుట యట్టిది కాదు. ఒకే పేరును వ్రాయు తీరు మారుట మాత్రమే.

రెండవ పదమునకు మొదట పూర్వము కకారమే యుండెను. 16, 17 శతాబ్దులలో వచ్చిన ఐరోపీయులు దానినే వ్రాసికొనిరి. ఉత్తరచైనా భాషలో ఇకారమునకు ముందున్న కకారము తాలవ్యమగుట 18వ శతాబ్ది నాటికి స్థిరపడినది. కాంటనీ భాషలో నేటికిని కకారమే నిలిచియున్నది. ఇట్టి మార్పు మనకు క్రొత్త కాదు. కన్నడము నిలుపుకొన్న కకారము తెలుగున తాలవ్యాచ్చులకు ముందు చకారమైనది: కివి - చెవి, కెరె - చెఱువు.

1906లో షాంఘైన జరిగిన తపాలా సమావేశము పాతరూపమునే నిలిపెను. 1958లో చైనా ప్రభుత్వము 'పిన్‌యిన్' అను రోమను లేఖనపద్ధతి నంగీకరించి, 1979 నుండి విదేశభాషా ప్రచురణములలో వాడజొచ్చినది. ఆంగ్లపత్రికలు క్రమముగా ననుసరించినవి. అయినను అచటి ప్రసిద్ధ విశ్వవిద్యాలయము ఆంగ్లమున తన్ను 'పెకింగు విశ్వవిద్యాలయ'మనియే చెప్పుకొనుచున్నది.

మఱియొక విశేషము. పిన్‌యిన్‌లోని బి, జె అక్షరములు ఆ భాషలో నాదము లేని అల్పప్రాణములను తెలుపును; అవి మన ప, చలకు సన్నిహితములు. ఆంగ్లేయులు ఆ యక్షరములను తమ భాషారీతిని పలికిరి. మనము వారిననుసరించి బ, జలు వ్రాసితిమి. మూలోచ్చారణమునకు దగ్గరగా వ్రాయవలెనన్న 'పేచింగు' అనవలసియుండును.

వ్యవహారమును మార్పుమని మేము కోరుట లేదు, రూఢి బలవత్తరము. కాని పెకింగును అపభ్రంశమనుట యుక్తము కాదు. అది ఒకనాటి ఉచ్చారణమునకు సాక్ష్యము. పరభాషలోని స్థలనామమును తప్పని నిర్ణయించుటకు ముందు, అది ఏనాడు, ఎవరి నోటినుండి గ్రహింపబడినదో పరిశోధకుడు విచారింపవలెను.