కాంచనపు అంచు

కాంచనమనగా బంగారము, బాగు అనగా తోట. హైదరాబాదు పాతనగరపు ఆగ్నేయ దిశనున్న కంచన్‌బాగ్ పేరులోనే బంగారము కలదు. నేడు అచ్చట వినవచ్చునది కూడ లోహముల మాటయే. రక్షణశాఖవారి లోహ పరిశోధనశాల, 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ ఆ పేటలోనే ఉన్నవి. దానికి చేరువను, పీసల్ బండ వద్ద, పాయగా ప్రభువుల సమాధులు కలవు. అచ్చటి గచ్చుపనిలోని లతలను, జాలీల అల్లికను చూచినవారికి ఆ కాలపు ఉడుపుల జరీ అంచులు జ్ఞప్తికి రాకమానవు. గచ్చుపని నిలిచినది. అంచులలో పెక్కింటిని మాత్రము కొలిమి మ్రింగినది. ఇట్లేల జరిగినది? మిగిలినవానిని ఎట్లు కాపాడుకొనవలెను?

హైదరాబాదు ముస్లిం కుటుంబములలో పెండ్లికూతురు ధరించు ఉడుపు ఖడా దుపట్టా. కుర్తీ, చోళీ, బిగుతైన పైజామా, వానిపై ఆరు గజముల పలుచని దుపట్టా. ఈ దుపట్టా అంచున కుట్టు జరీపట్టీని ఇచ్చట మసాలా అందురు. వంటింటి మసాలాకు, దీనికి చుట్టరికము లేకపోలేదు. ఆ మాటకు మూలార్థము సామగ్రి. వంటకు వలసినది ఒకటి, వస్త్రమునకు వలసినది మరియొకటి.

అసలైన జరీకి ఆధారము వెండి. వెండి కడ్డీకి బంగారుపూత పెట్టి, క్రమముగా చిన్నవగు రంధ్రములగుండ లాగి సన్నని తీగ చేయుదురు. ఒక గ్రాము బంగారము రెండు కిలోమీటర్లకు మించిన తీగగా సాగగలదు. ఈ సాగెడు గుణము లేనిచో జరీయే లేదు. తీగను చదును చేసిన రేకు బాద్లా. దానిని పట్టుదారమునకు చుట్టినచో కలాబత్తు. దారము పడుగుగా, బాద్లా పేకగా నేసిన పట్టీ గోటా.

ఇక కుట్టుట. లోహము, వస్త్రము ఒకే తీరున వంగవు. రేకు నడుమ సూది గ్రుచ్చినచో రేకు చీలి, కొనలు లేచి, పలుచని వస్త్రమును గీరును. అందుచేత నేర్పరియైన పనివాడు పట్టీ ఇరుప్రక్కలనున్న దారములను మాత్రమే పట్టి సన్నని కుట్లు వేయును. పట్టీని బిగలాగడు. లాగినచో వస్త్రము ముడుతలు పడును. మూల వచ్చినచోట పట్టీని కోయక ఏటవాలుగా మడచును. దుపట్టా వెడల్పు ఒక గజమే అనుకొన్నను, నాలుగు వైపులకు 14 గజముల పట్టీ కావలెను. ఆ బరువును పలుచని వస్త్రము ఒంటరిగా మోయలేదు. కావున అడుగున మెత్తని గుడ్డపట్టీ నుంచి, రెంటిని కలిపి కుట్టుట మేలు.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1869 నుండి 1911 వరకు పాలించెను. ఆయన ఉడుపులకై పురానీ హవేలీలో నిర్మించిన 176 అడుగుల బీరువాను నేటికిని చూడవచ్చును. రాజు ఉడుపులకు బీరువా ఉండెను, పనివారికి పోషణ ఉండెను. 1949లో జాగీర్లు రద్దైన పిమ్మట ఆ పోషణ సన్నగిల్లినది. కష్టకాలమున పాత జరీ వెండిధరకు తూగినది. జరీని కాల్చినచో దారము బూడిదగును, వెండి మిగులును. పనివాడు నెలల తరబడి చేసిన పనికి తక్కెడలో తూకము లేదు. గచ్చును కరగించి అమ్ముకొనువారు లేరు గనుక సమాధుల లతలు మిగిలినవి. అంచునకు దాని విలువయే శత్రువైనది.

మీ ఇంటి పెట్టెలో అమ్మమ్మగారి పట్టుచీరయో, దుపట్టాయో ఉండవచ్చును. దాని అంచు విప్పి క్రొత్త వస్త్రమునకు వేయుటకు తొందరపడవలదు. క్రొత్తదానికి నేటి నకిలీ జరీ చాలును. పాతదాని అంచు ఊడినచో సన్నని పట్టుదారముతో కుట్టుడు. దారము వస్త్రముకన్న బలమైనది కారాదు. బరువు పడినప్పుడు తెగవలసినది కుట్టు. కుట్టును మరల వేయవచ్చును, చినిగిన వస్త్రమును మునుపటివలె చేయలేము.

వెండి నల్లబడుటకు గాలిలోని గంధకపు ఆవిరులు కారణము. చింతపండుతోగాని పొడులతోగాని తోమినచో నలుపుతోపాటు బంగారుపూతయు పోవును. అత్తరు నేరుగ చల్లరాదు. రబ్బరు వస్తువులను దగ్గర నుంచరాదు. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డలో చుట్టగా చుట్టి దాచవలెను. ఒకే మడతపై ఏండ్లతరబడి ఉంచినచో రేకు ఆ మడతవద్దనే విరుగును. ఎవరు ధరించిరో, ఏ పెండ్లికి కుట్టించిరో ఒక కాగితముపై వ్రాసి వస్త్రముతో నుంచుడు. ఆ కాగితమున్న వస్త్రమును తక్కెడలో వేయుటకు తరువాతివారికి చేయి రాదు.