హైబ్రిడ్ కార్లు: రకాలు, పనితీరు

పెట్రోలు ఇంజిన్, విద్యుత్ మోటారు రెండూ కలిసి నడిపే కారు హైబ్రిడ్. ఇందులో మైలేజీ పెరిగేది బ్యాటరీ వల్లేనని చాలామంది అనుకుంటారు. కానీ బయట ఛార్జింగ్ పెట్టే వీలు లేని హైబ్రిడ్‌లో, బ్యాటరీలోకి చేరే కరెంటుకూ మూలం పెట్రోలే. బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి, వేడిగా పోవాల్సిన శక్తిలో కొంత వెనక్కి తెస్తుంది, నిజమే. అంతకంటే ముఖ్యం, ఇంజిన్‌ను దానికి గిట్టని పని నుంచి తప్పించడం. ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు ఇంజిన్ చేసే పని తక్కువ, తాగే పెట్రోలు ఎక్కువ. ఆ పని మోటారు ఎంతవరకు అందుకుంటుందన్న దాన్నిబట్టే హైబ్రిడ్ రకాలను బేరీజు వేయాలి.

మైల్డ్ హైబ్రిడ్‌లో అది స్వల్పమే. 2015లో మారుతి సియాజ్‌లో వచ్చిన ఏర్పాటు లాంటివి ఆగినచోట ఇంజిన్‌ను ఆపి, బయలుదేరేటప్పుడు కాస్త ఊతమిస్తాయి తప్ప కరెంటుతోనే కారును నడపలేవు. టయోటా 1997లో జపాన్‌లో విడుదల చేసిన ప్రియస్ దారి వేరు. అందులో ప్లానెటరీ గేర్ల సెట్టే కీలకం: నడిమి గేరు జనరేటరుకు, దాని చుట్టూ తిరిగే చిన్న గేర్లను పట్టి ఉంచే చట్రం ఇంజిన్‌కు, వెలుపలి వలయం మోటారుకూ చక్రాలకూ కలిసి ఉంటాయి. జనరేటరు వేగాన్ని మారిస్తే చాలు, చక్రాల వేగంతో నిమిత్తం లేకుండా ఇంజిన్ తనకు అనువైన వేగంలో తిరుగుతుంది. క్లచ్చు లేదు, మార్చాల్సిన గేర్లూ లేవు. ఇంత అందమైన యంత్ర రచన కార్లలో అరుదు.

ఇంజిన్ శక్తిని కరెంటుగా, కరెంటును మళ్లీ కదలికగా మారిస్తే నష్టం రాదా అన్నది న్యాయమైన ప్రశ్నే. వస్తుంది. నిస్సాన్ 2016లో నోట్ కారులో తెచ్చిన ఈ-పవర్ సిరీస్ పద్ధతి. అందులో ఇంజిన్‌కు చక్రాలతో సంబంధమే లేదు, కరెంటు తీయడమే దాని పని. ఊళ్లో ఆ నష్టాన్ని మించిన లాభముంటుంది. హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడు ఉండదు. అందుకే హోండా సిటీ హైబ్రిడ్‌లో హైవే వేగంలో ఒక క్లచ్చు ఇంజిన్‌ను నేరుగా చక్రాలకు కలుపుతుంది.

టయోటా హైరైడర్ పరీక్షా మైలేజీ మైల్డ్ రకంలో లీటరుకు 21 కిలోమీటర్లు, కరెంటుతోనే కొంతదూరం నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో దాదాపు 28. రెండింటి ఇంజిన్లే వేరు కదా అనవచ్చు. నిజమే, కానీ స్ట్రాంగ్ రకంలోది పొదుపైన అట్కిన్సన్ ఇంజిన్. తక్కువ వేగంలో దానికి లాగే బలం తక్కువ. ఆ లోటును మోటారు పూడుస్తుంది కాబట్టే దాన్ని పెట్టగలిగారు.

ప్లగ్-ఇన్ రకానికి పెద్ద బ్యాటరీ, ఛార్జింగ్ సౌకర్యం ఉంటాయి. రోజూ ఛార్జింగ్ పెడితే ఊళ్లో పెట్రోలు అవసరం దాదాపు ఉండదు. అయితే యూరోపియన్ కమిషన్ 2024లో వెల్లడించిన లెక్కల ప్రకారం, రోడ్డు మీద ఈ కార్ల కార్బన్ ఉద్గారాలు ప్రయోగశాల అంకెలకు సుమారు మూడున్నర రెట్లు. కారణం, అనుకున్నంత తరచుగా వాటికి ఛార్జింగ్ పెట్టకపోవడమే.