స్కాటర్ ప్లాట్

గణాంక శాస్త్రంలో ఒకే వ్యక్తికి లేక వస్తువుకు సంబంధించిన రెండు కొలతలను నిరూపక తలంపై ఒక బిందువుగా గుర్తించి గీసే పటాన్ని స్కాటర్ ప్లాట్ అంటారు. ఉదాహరణకు, 40 మంది విద్యార్థుల ఎత్తును అడ్డు అక్షంపై, బరువును నిలువు అక్షంపై తీసుకొంటే పటంలో 40 బిందువులు వస్తాయి. ఒక్కొక్క బిందువు ఒక్కొక్క విద్యార్థిని సూచిస్తుంది. రెండు చలరాశుల మధ్య సంబంధాన్ని మాత్రం బిందువుల సమూహం మొత్తం తెలుపుతుంది.

చరిత్ర

ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో 928 మంది వయోజనుల ఎత్తులను వారి తల్లిదండ్రుల ఎత్తులతో పోల్చి, ఈ రకమైన అధ్యయనానికి పునాది వేశాడు. 1896లో కార్ల్ పియర్సన్ సహసంబంధ గుణకానికి గణిత రూపం ఇచ్చాడు. దీని విలువ -1 నుండి +1 వరకు ఉంటుంది.

చదివే విధానం

స్కాటర్ ప్లాట్‌లో ముఖ్యంగా నాలుగు అంశాలను గమనించాలి.

* దిశ: ఒక చలరాశి పెరిగినపుడు రెండవది కూడా పెరిగితే ధనాత్మక సహసంబంధం, తగ్గితే రుణాత్మక సహసంబంధం.
* ఆకృతి: బిందువులు సరళరేఖ వెంట ఉన్నాయా, వక్రరేఖ వెంట ఉన్నాయా, లేక గుంపులుగా విడిపోయాయా అన్నది.
* బలం: బిందువులు రేఖకు ఎంత దగ్గరగా ఉంటే సంబంధం అంత బలమైనది. రేఖ వాలు ఎక్కువైనంత మాత్రాన సంబంధం బలమైనది కాదు.
* విడి బిందువులు: సమూహానికి దూరంగా పడిన బిందువులు.

గుణకం ఒక్కటే చాలదని ఫ్రాన్సిస్ అన్‌స్కోంబ్ 1973లో నిరూపించాడు. అతడు ఇచ్చిన నాలుగు దత్తాంశాలలోనూ సహసంబంధ గుణకం సుమారు 0.816. కాని పటాలుగా గీస్తే నాలుగూ పూర్తిగా వేరువేరుగా కనిపిస్తాయి.

విద్యార్థులలో కనిపించే పొరపాట్లు

రెండు లక్షణాల సంబంధాన్ని విద్యార్థులు ఎలా అంచనా వేస్తారన్న విషయంపై కార్మెన్ బటనేరో తదితరులు 1996లో పరిశోధన ప్రచురించారు. ఒక్క మినహాయింపు ఉన్నా సంబంధం లేదనుకోవడం, దత్తాంశంలో కొంత భాగాన్నే చూసి తేల్చడం, రుణాత్మక సంబంధాన్ని సంబంధంగా గుర్తించకపోవడం, సహసంబంధాన్ని కార్యకారణ సంబంధంగా భావించడం వారు గుర్తించిన పొరపాట్లు. చివరిదానికి ఒక ఉదాహరణ: ప్రాథమిక పాఠశాల పిల్లలలో పాదం పొడవు పెరిగేకొద్దీ చదివే వేగం కూడా పెరుగుతుంది. రెండింటికీ కారణం వయసు.

ఛాలెంజర్ ఉదాహరణ

కొంత భాగాన్నే చూడడం వలన కలిగే నష్టానికి ఛాలెంజర్ ప్రమాదం ప్రసిద్ధ ఉదాహరణ. 1986 జనవరి 28న ఈ అమెరికా అంతరిక్ష నౌక పైకెగసిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఏడుగురు మరణించారు. బూస్టర్ రాకెట్ అతుకులోని ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు చలికి బిగుసుకొని, వేడి వాయువులను ఆపలేకపోయాయి. ముందురోజు జరిగిన చర్చలో వలయాలు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే ఉష్ణోగ్రతతో పోల్చి చూశారు. ఆ కొద్ది బిందువులలో స్పష్టమైన సంబంధం కనిపించలేదు.

తరువాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్, ఏ సమస్యా రాని ప్రయోగాలను కూడా పటంలో చేర్చింది. 66 డిగ్రీల ఫారన్‌హీట్ (సుమారు 19 డిగ్రీల సెల్సియస్), అంతకు పైన జరిగిన 20 ప్రయోగాలలో మూడింటిలోనే వలయాలకు సమస్య వచ్చింది. 63 డిగ్రీలు (సుమారు 17 డిగ్రీల సెల్సియస్), అంతకు దిగువన జరిగిన నాలుగింటిలోనూ వచ్చింది. ప్రమాదం జరిగిన ఉదయం చలి నీరు గడ్డకట్టే స్థాయికి దగ్గరగా ఉంది.

బోధన

తరగతిలో ఇదే పటాన్ని రెండు దశలలో చూపవచ్చు. మొదట దెబ్బతిన్న ప్రయోగాల బిందువులను మాత్రమే చూపి విద్యార్థుల అభిప్రాయం అడిగి, తరువాత సున్నా విలువ గల బిందువులను చేర్చాలి. పటంలో ఉన్న బిందువులతో పాటు, లేని బిందువుల గురించి కూడా ప్రశ్నించడం దీనివలన అలవడుతుంది.